క్యాజువాలిటీకి వెనక తలుపు

రోగి క్యాజువాలిటీలోకి రావడం, అక్కడ వైద్యం అందుకోవడం, అక్కణ్నుంచి బయటపడటం: అత్యవసర విభాగాల రద్దీని అధ్యయనం చేసేవాళ్లు దాన్ని ఈ మూడు దశలుగా విడదీసి చూస్తారు. అమెరికా వైద్యుడు బ్రెంట్ ఆస్ప్లిన్, ఆయన సహచరులు 2003లో ఈ చట్రాన్ని ప్రతిపాదించాక చాలా దేశాల్లో అదే వాడుకలోకి వచ్చింది. బయటపడటమంటే ఇంటికి పోవడం కావచ్చు, పై అంతస్తులోని వార్డుకు చేరడం కావచ్చు, మరో ఊరి పెద్దాసుపత్రికి తరలడం కావచ్చు. గుమ్మంలో కిక్కిరిసిన జనం అందరికీ కనబడతారు గనుక చిక్కంతా మొదటి దశలోనే ఉందనిపిస్తుంది. చాలాచోట్ల అసలు చిక్కు మూడో దశలో ఉంటుంది. కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలో, ఆదోని, ఎమ్మిగనూరు వైపు, ఆ మూడో దశ గోడ అవతలి వార్డు ఒక్కటే కాదు. వంద కిలోమీటర్ల రోడ్డు కూడా.

2011 జనాభా లెక్కల్లో ఆదోని పట్టణంలో సుమారు 1.66 లక్షల మంది, ఎమ్మిగనూరులో 95 వేల మంది ఉన్నారు. పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు ఆదోనికి పేరు తెచ్చాయి. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఎమ్మిగనూరుకు పేరు తెచ్చింది. ఈ రెండు ఊళ్ల ప్రభుత్వాసుపత్రులకు వచ్చేది పట్నం జనం మాత్రమే కాదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద, నందవరం మండలాల పల్లెల్లో పొద్దుపోయాక ఎవరికైనా ప్రాణం మీదికొస్తే బండి ఈ రెండింటిలో ఒకదాని వైపే తిరుగుతుంది. వర్షాధారపు నేలలు, పనులు లేని నెలల్లో గుంటూరు మిరప చేలకో బెంగళూరు కట్టడాలకో వలసపోయే కుటుంబాలు. జబ్బు ముదిరేదాకా ఊళ్లోని ఆర్‌ఎంపీ చేతి సూదితోనే నెట్టుకురావడం ఇక్కడ మామూలు. అలా ముదిరి వచ్చిన రోగికి సమయం ఎక్కువ పడుతుంది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు 30 కిలోమీటర్ల లోపే. అక్కణ్నుంచి గోనెగండ్ల, కోడుమూరు మీదుగా కర్నూలు చేరేసరికి ఆదోని లెక్కన మొత్తం సుమారు 100 కిలోమీటర్లు. బళ్లారి, రాయచూరు ఆదోనికి ఇంతకంటే దగ్గర. ఒక్కోటి 70 కిలోమీటర్ల అటూ ఇటూ. కానీ అవి కర్ణాటకలో ఉన్నాయి. బంధువులు సొంతంగా కారు మాట్లాడుకుంటే బళ్లారికి పోతారు. 108 వాహనం, ప్రభుత్వ ఉచిత వైద్యం మాత్రం సాధారణంగా రాష్ట్రం లోపలి పెద్దాసుపత్రి దారినే నడుస్తాయి. ఆ పెద్దాసుపత్రి కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. దాని క్యాజువాలిటీకి సొంత జిల్లాతో పాటు నంద్యాల నుంచి, తుంగభద్ర అవతలి గట్టున తెలంగాణలోని గద్వాల, అలంపూరు వైపు నుంచి కూడా రోగులు వస్తుంటారు.

రద్దీని అర్థం చేసుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. అమెరికాకు చెందిన జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం ఒకటి చాలు. గంటకు ఎంతమంది వస్తున్నారో, సగటున ఒక్కొక్కరు ఎన్ని గంటలు ఉంటున్నారో గుణిస్తే ఏ క్షణాన చూసినా లోపల ఎంతమంది ఉంటారో తేలుతుంది. ఒక క్యాజువాలిటీకి గంటకు ఆరుగురు వస్తున్నారనుకుందాం. ఒక్కొక్కరు రెండు గంటలుంటే లోపల పన్నెండు మంది. మూడు గంటలైతే పద్దెనిమిది మంది. వచ్చేవాళ్ల సంఖ్య ఒక్కటి కూడా పెరగలేదు. గది మాత్రం ఒకటిన్నర రెట్లు నిండింది. గేటు దగ్గర వచ్చేవాళ్లను ఆపడం ఆసుపత్రి చేతిలో లేదు, చట్టం ఒప్పుకోదు కూడా. ఉండే సమయాన్ని తగ్గించడం మాత్రం కొంతవరకు చేతిలో పనే.

ఇంకో సంగతి ఉంది. మంచాలు సగం నిండినప్పుడు కొత్త రోగికి ఎదురుచూపు దాదాపు ఉండదు. ముప్పాతిక నిండినా నడిచిపోతుంది. పదింట తొమ్మిది నిండాక ప్రతి అదనపు రోగికీ ఎదురుచూపు ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఎందుకంటే రోగులు వరసగా, సమానమైన ఎడంతో రారు. ఒక ఆటో బోల్తా పడితే ఎనిమిది మంది ఒకేసారి వస్తారు. తుంగభద్ర దిగువ కాలువకు కింద షట్టరు దించితే పైన ఎక్కడో గట్టు తెగినట్టు, వార్డులో మంచం ఖాళీ కాకపోతే ఆ దెబ్బ క్యాజువాలిటీ గుమ్మంలో తగులుతుంది. ఇది సౌకర్యం సంగతి మాత్రమే కాదు. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో డ్రూ రిచర్డ్‌సన్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో, కిక్కిరిసిన షిఫ్టుల్లో వచ్చిన రోగుల్లో పది రోజుల్లోపు మరణాలు మామూలు షిఫ్టుల్లో వచ్చినవాళ్ల కంటే సుమారు మూడోవంతు ఎక్కువని తేలింది.

గుమ్మంలో మొదటి చూపు

రోగి రాగానే జరగాల్సిన మొదటి పని చీటీ రాయడం కాదు, వేరుచేయడం. ట్రయాజ్ అని పిలిచే ఈ పద్ధతికి నెపోలియన్ సైన్యంలోని శస్త్రవైద్యుడు లారీ ఆద్యుడని చెబుతారు. గాయపడినవాడు దొరా, సిపాయా అని చూడకుండా గాయం తీవ్రతను బట్టి వరస పెట్టాడాయన. ఇప్పుడు దేశాన్ని బట్టి మూడు మెట్లు, నాలుగు మెట్లు, ఐదు మెట్ల పద్ధతులున్నాయి. ఢిల్లీ ఎయిమ్స్ తన అవసరానికి రూపొందించుకున్న పద్ధతిలో రంగులు మూడే: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. తాలూకా స్థాయి ఆసుపత్రికి ఈ మూడు రంగులే నయం. ఐదు మెట్ల పద్ధతికి ప్రత్యేక శిక్షణ, చాలినంత మంది సిబ్బంది కావాలి. రాత్రి ఒకరిద్దరు స్టాఫ్ నర్సులతో నడిచే చోట అది కాగితం మీదే మిగిలిపోతుంది.

ఉదాహరణకు ఒక వానాకాలపు తెల్లవారుజాము తీసుకుందాం. పది నిమిషాల వ్యవధిలో ముగ్గురు వచ్చారు. ట్రాక్టరు ట్రాలీ తలుపు కింద వేళ్లు నలిగిన యువకుడు, వెంట పదిమంది, కేకలు. రెండో మనిషి అరవై దాటిన ఆడమనిషి. ఎద మీద బరువుగా ఉందంటోంది, ఒళ్లంతా చెమట, గ్యాస్ మాత్ర వేసుకొచ్చింది. మూడో రోగి పన్నెండేళ్ల పిల్లవాడు. రాత్రి నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు, తెల్లారక ముందే కడుపునొప్పని లేచాడు, ఇప్పుడు కళ్లు మూతలు పడుతున్నాయి. ఒంటి మీద ఏ కాటూ కనబడదు. గొంతును బట్టి వరస పెడితే మొదట యువకుడు, చివర పిల్లవాడు. తీవ్రతను బట్టి చూస్తే వరస పూర్తిగా తిరగబడుతుంది. ఆ పిల్లవాడిది కట్లపాము కాటు కావచ్చు. దాని కోరలు సన్నవి, గుర్తు మిగలకపోవచ్చు, నొప్పీ ఉండదు. రెప్పలు వాలిన తర్వాత ఊపిరి తీసే కండరాలు కూడా పడిపోవడానికి ఎక్కువసేపు పట్టదు. పిల్లవాడికి ఎరుపు. ఈసీజీ తీసేదాకా ఆ ఆడమనిషికీ ఎరుపే. వేళ్లకు కట్టుకట్టి, నొప్పి సూది ఇచ్చి కూర్చోబెట్టిన యువకుడికి పసుపు.

ఈ వేరుచేత పనికి కావలసిన సామాను తక్కువ: వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు, బీపీ మిషను, గ్లూకోమీటరు, థర్మామీటరు, గడియారం. మాట్లాడగలుగుతున్నాడా, ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నాడు, నాడి ఎలా ఉంది, తెలివి ఉందా: రెండు మూడు నిమిషాల్లో తేలే సంగతులు. దొరకనిదల్లా ఈ పని కోసమే నిలబెట్టే మనిషి. ఆ నర్సునే సెలైన్ పెట్టడానికీ, ఫోన్ ఎత్తడానికీ, రిజిస్టరు నింపడానికీ పిలుస్తుంటే ట్రయాజ్ బల్ల పేరుకే మిగులుతుంది.

ఆకుపచ్చ రోగుల సంగతి వేరు. జలుబు, పాత మోకాలి నొప్పి, మాత్రలైపోయిన బీపీ రోగి. పగలు ఓపీకి పోవలసినవాళ్లు కూలి పోతుందని సాయంత్రం క్యాజువాలిటీకి వస్తారు. వాళ్లను తిట్టి ప్రయోజనం లేదు. రద్దీ వేళల్లో పక్క గదిలో ఒక డాక్టరు, ఒక నర్సు కూర్చుని వాళ్లను మాత్రమే వేగంగా చూసి పంపేస్తే పెద్ద గది మీద భారం తగ్గుతుంది. వాళ్లకు మంచం కూడా అక్కర్లేదు, కుర్చీ చాలు. మంచం ఎక్కిన మనిషి దిగడానికి సమయం పడుతుందన్నది క్యాజువాలిటీలో పనిచేసే ఎవరికైనా తెలుసు.

పోలీసు కేసయ్యే గాయాల విషయంలో ఇంకా ఒక భయం మిగిలి ఉంది: ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయకుండా ముట్టుకోకూడదని. సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా కేసులో ఈ సంగతి తేల్చేసింది. ముందు ప్రాణం, తర్వాత కాగితం. గాయపడ్డవాణ్ని తీసుకొచ్చినవాళ్లను వేధించకుండా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ ఇచ్చింది. 2025 మే నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందాలి. అడ్వాన్సు కట్టేదాకా స్ట్రెచర్ మీద ఆగే నిమిషాలు ఆ మేరకు తగ్గుతాయి.

పంచాంగం చెప్పే రద్దీ

అత్యవసరం అంటే చెప్పకుండా వచ్చేదనే అనుకుంటారు. ఒక్క రోగి విషయంలో అది నిజం. మొత్తం మీద చూస్తే క్యాజువాలిటీకి వచ్చే రద్దీలో ఎక్కువ భాగం ముందే తెలిసేది. ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ, వానలు పడ్డాక పాము, తేలు కాట్లు, పత్తికి మందు కొట్టే రోజుల్లో పురుగుల మందు ఒంటికెక్కి పడిపోయినవాళ్లు, వానాకాలం చివర డెంగీ జ్వరాలు. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి, మంత్రాలయం రాఘవేంద్రస్వామి ఆరాధనకు వచ్చే జనం, ఆ రోడ్ల మీద ప్రమాదాలు. రోజులో కూడా సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా ఒక పోటు ఉంటుంది.

తేదీ తెలిసిన రద్దీకి ఈ ప్రాంతంలో దేవరగట్టును మించిన ఉదాహరణ లేదు. హొళగుంద మండలంలోని ఆ కొండ మీద విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం ముగిశాక బన్నీ ఉత్సవం మొదలవుతుంది. ఉత్సవ విగ్రహాల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామస్థులు ఒకవైపు, చుట్టుపక్కల పల్లెల జనం మరోవైపు కర్రలతో, దివిటీలతో తలపడతారు. ఏటా పదుల సంఖ్యలో తలలు పగులుతాయి. చాలామంది గాయానికి బండారు అద్దుకుని మళ్లీ గుంపులో కలుస్తారు. వద్దని చెప్పే ప్రచారాలు, పోలీసు బందోబస్తు ఏటా ఉంటాయి, కర్రలూ ఏటా లేస్తాయి. వైద్యశాఖ చేసేది ఏమిటంటే, కొండ దగ్గరే తాత్కాలిక ఆసుపత్రి వేసి, డాక్టర్లను, అంబులెన్సులను అక్కడికే పంపడం. కుట్లు వేస్తే సరిపోయేవాళ్లకు అక్కడే వేస్తారు. పరిస్థితి విషమించినవాళ్లను ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు తరలిస్తారు.

రోగుల కదలిక లెక్కన ఇది చక్కటి ఏర్పాటు. వేరుచేసే పని ఆసుపత్రి గుమ్మం నుంచి గాయం జరిగే చోటికి జరిగింది. నెత్తి చర్మం తెగితే రక్తం ధారగా కారుతుంది, చూసేవాళ్లకు భయం పుడుతుంది, కానీ అది చాలాసార్లు నాలుగు కుట్లతో పోయేదే. అసలు భయపడాల్సింది రక్తం లేకుండా మగతగా పడిఉన్నవాణ్ని, రెండు మూడుసార్లు వాంతి చేసుకున్నవాణ్ని చూసి. తాగి ఉన్నాడులే అని పక్కన పడుకోబెట్టడం అక్కడ జరగగల అతి పెద్ద పొరపాటు. అలాంటివాణ్ని తలకు స్కానింగ్ తీసే చోటికి ఆలస్యం లేకుండా పంపాలి. ఇదే లెక్క దసరా రాత్రికి మాత్రమే పరిమితం కానక్కర్లేదు. వానలు పడే నెలలకు విషవిరుగుడు సీసాలు, మందు కొట్టే నెలలకు అట్రోపిన్, సాయంత్రం పోటుకు అదనపు నర్సు. కిందటి ఏడాది రిజిస్టరు తిరగేస్తే ఎన్ని కావాలో దాదాపు తెలిసిపోతుంది. చాలా ఆసుపత్రుల్లో డ్యూటీల పట్టిక మాత్రం ఏ నెలకైనా, ఏ పూటకైనా ఒకేలా ఉంటుంది.

ఇరవై నిమిషాల గాజు గొట్టం

లోపల పట్టే సమయంలో వైద్యానికి పట్టేది కొంతే. మిగతాదంతా ఎదురుచూపు: రక్తపరీక్ష ఫలితం కోసం, ఎక్స్‌రే కోసం, పై డాక్టరు వచ్చి నిర్ణయం చెప్పడం కోసం. ఈ ఎదురుచూపుల్ని ఒకదాని వెనక ఒకటి కాకుండా పక్కపక్కన నడిపితే సమయం కలిసొస్తుంది. కొన్ని ఫిర్యాదులకు డాక్టరు రాకముందే నర్సు మొదలుపెట్టే పనులు రాసిపెట్టి ఉంచడం దానికి ఒక మార్గం. ఎదనొప్పి అంటే పది నిమిషాల్లో ఈసీజీ. మగతగా ఉంటే వెంటనే చక్కెర పరీక్ష. పాము కాటు అంటే గాజు గొట్టం.

ఈ గాజు గొట్టం పరీక్షకు ల్యాబు అక్కర్లేదు. రోగి నరం నుంచి కొద్దిగా రక్తం తీసి, కొత్త, శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి మంచం పక్కనే కదపకుండా నిలబెడతారు. ఇరవై నిమిషాల తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకడితే సరే. నీళ్లలా జారితే రక్తపింజర లాంటి పాము విషం ఎక్కిందని అర్థం, విషవిరుగుడు మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ గొట్టమైతే రక్తం సరిగా గడ్డకట్టదు. సబ్బు పొడితో కడిగిన గొట్టమైనా అంతే. గొట్టాన్ని మధ్యలో కదిపినా ఫలితం నమ్మలేం. దేశంలో పాటించే పద్ధతి ప్రకారం మొదటి మోతాదు ఎనిమిది నుంచి పది సీసాలు. ఆ మందు నాలుగు పాముల విషానికి విరుగుడు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మందు, సెలైన్, ఇంజెక్షన్ పడకపోతే ఇవ్వాల్సిన అడ్రినలిన్, వీటిని వాడటం తెలిసిన డ్యూటీ డాక్టరు ఎమ్మిగనూరులో ఉంటే రోగి కర్నూలు దాకా పోయి అదే మందు రెండు గంటలు ఆలస్యంగా ఎక్కించుకోనక్కర్లేదు. ఊపిరి మందగించినవాణ్ని గొట్టం వేసి, గాలి సంచి నొక్కుతూ పంపవలసి రావచ్చు. అప్పుడు కూడా మొదటి మోతాదు ఎక్కించాకే బండి కదలాలి.

తొలి గాజు గొట్టంలో రక్తం గడ్డకట్టినంత మాత్రాన రోగిని ఇంటికి పంపకూడదు. ఒక పగలూ రాత్రీ కనిపెట్టి ఉండాలి, విరామాలిచ్చి పరీక్ష మళ్లీ చేయాలి. ఇరవైనాలుగు గంటలు ఉండాల్సిన మనిషి క్యాజువాలిటీ మంచం మీదే ఉంటే ఆ మంచం ఆ రోజుకు లేనట్టే. ఇలాంటివాళ్ల కోసం క్యాజువాలిటీకి ఆనుకుని నాలుగైదు మంచాల పరిశీలన గది పెట్టడం చాలా దేశాల్లో ఫలించిన ఏర్పాటు. కొత్త కట్టడం అక్కర్లేదు, పాత గది ఒకటి ఖాళీ చేసి ఒక నర్సును అప్పజెప్పగలిగితే చాలు.

గుండెపోటు విషయంలో రాష్ట్రంలో వచ్చిన మార్పు ఈ దిశలోనిదే. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి పెద్దాసుపత్రి గుండె వైద్యుడికి పంపడం, ఆయన సరేనంటే రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడికక్కడే ఉచితంగా ఇవ్వడం, ఆ తర్వాత తరలించడం. స్టెమీ కార్యక్రమం అంటే ఇదే. నరం మూసుకుపోయిన గుండె కండరానికి ప్రతి అరగంటా విలువైనది. ఆదోని నుంచి కర్నూలుకు రెండు గంటలకు పైగా పట్టే దారిలో ఆ అరగంటలు నాలుగైదు పోతాయి.

కర్నూలుకు రాసిచ్చాక

ఏరియా ఆసుపత్రిలో రిఫర్ చేయడం అనే మాటకు జనం వాడుక "కర్నూలుకు రాసిచ్చినారు". ఆ చీటీ క్యాజువాలిటీకి వెనక తలుపు. కొన్నిసార్లు అది తప్పనిసరి. పురుగుల మందు తాగినవాడికి అట్రోపిన్ ఐదు నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ, ఊపిరితిత్తుల్లో చెమ్మ శబ్దం పోయేదాకా ఇవ్వడం ఎక్కడైనా చేయవచ్చు. ఆ తర్వాత రోజుల తరబడి వెంటిలేటరు మీద ఉంచాల్సి వస్తే తాలూకా ఆసుపత్రి వల్ల కాదు. తలలో రక్తస్రావానికి న్యూరోసర్జన్ కావాలి. కానీ రాత్రిపూట మత్తు డాక్టరు లేక, రక్తం యూనిట్ లేక, లేదా ఏమైనా అయితే బంధువులు మీద పడతారనే భయంతో రాసే చీటీలూ ఉంటాయి. ఈ చివరి కారణాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. ఒక్కడే ఉన్న డ్యూటీ డాక్టరు చుట్టూ ఇరవై మంది నిలబడ్డప్పుడు చీటీ రాయడమే అతనికి సురక్షితమైన పని. బంధువులకు అరగంటకోసారి ఏం జరుగుతోందో చెప్పే మనిషి ఉంటే, గుమ్మంలో ఒక సెక్యూరిటీ గార్డు ఉంటే, ఆ చీటీల్లో కొన్ని తగ్గుతాయి.

అక్కర్లేని తరలింపుకు మూల్యం ఆ ఒక్క రోగి మాత్రమే చెల్లించడు. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జులై 1న 108, 104 కలిపి 1,088 కొత్త వాహనాలు రోడ్డెక్కాయి. ఎన్ని ఉన్నా, ఆదోనిలోని బండి ఒకటి కర్నూలుకు పోయి, రోగిని అప్పగించి, తిరిగొచ్చేసరికి నాలుగైదు గంటలు. ఆలోపు కౌతాళం దగ్గరి పల్లెలో నొప్పులు మొదలైన గర్భిణికి వచ్చే బండి మరింత దూరం నుంచి రావాలి. అంటే మూడో దశలో జరిగిన జాప్యం మళ్లీ మొదటి దశలోకి వచ్చి కలుస్తుంది. ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తరలించే బండ్లను పల్లె పిలుపులకు వెళ్లే బండ్ల నుంచి వేరుగా ఉంచాలని నిపుణులు అడిగేది అందుకే.

తప్పని తరలింపును సక్రమంగా చేయడం కూడా ఒక విద్య. రోగిని ఎక్కించకముందే అవతలి డ్యూటీ డాక్టరుతో మాట్లాడాలి: ఎవరు, ఏమైంది, ఎప్పుడు, ఇప్పటిదాకా ఏం ఇచ్చారు, ఇప్పుడు నాడి, బీపీ, ఊపిరి ఎలా ఉన్నాయి, మీ దగ్గర కావలసింది ఏమిటి. రెండు నిమిషాల సంభాషణ. ఇది జరగకపోతే పెద్దాసుపత్రిలో కథంతా మొదటి నుంచి అడుగుతారు, పరీక్షలన్నీ మళ్లీ రాస్తారు, వెంటిలేటరు ఖాళీ లేదని తెలిసేది రోగి గుమ్మంలోకి వచ్చాకే. చీటీ మీద "ఉన్నత వైద్యం కోసం" అని ఒక్క ముక్క రాసి పంపడం వల్ల అవతలివాళ్లకు తెలిసేది ఏమీ లేదు.

ఈ ముందస్తు మాట దయాదాక్షిణ్యం కాదు, రాజ్యాంగ బాధ్యత కిందికే వస్తుంది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి జారిపడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదనో సదుపాయం లేదనో తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో సొంత ఖర్చుతో వైద్యం చేయించుకున్నాడు. పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి వేసిన ఆ కేసులో 1996లో సుప్రీంకోర్టు, సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని చెప్పింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రోగి పరిస్థితిని నిలకడ చేసే ఏర్పాట్లుండాలని, జిల్లా, సబ్‌డివిజన్ స్థాయి ఆసుపత్రులను పెంచాలని, ఎక్కడ మంచం ఖాళీగా ఉందో తెలుసుకుని అక్కడికే పంపేలా ఒక కేంద్రీకృత సమాచార వ్యవస్థ కావాలని ఆ తీర్పులో ఉంది. చేతిలో మొబైళ్లు లేని రోజుల్లో చెప్పిన మాట ఇది. ఇప్పుడు సినిమా హాల్లో ఏ సీటు ఖాళీయో ఇంట్లో కూర్చుని చూడవచ్చు. మూడు ఆసుపత్రుల వెంటిలేటర్ల లెక్క ఒకే తెర మీద చూపడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు.

పెద్దాసుపత్రి క్యాజువాలిటీకీ ఒక వెనక తలుపుంది, అది సొంత వార్డు. ఉదయం రౌండ్లలో ఇంటికి పంపవచ్చని తేలిన రోగి కాగితాలు, ఉచిత వైద్య పథకం సంతకాలు, ఫోటోలు అయ్యేసరికి సాయంత్రమవుతుంది. సరిగ్గా ఆ సమయానికి క్యాజువాలిటీ నిండుతుంది. డిశ్చార్జి చీటీ ముందురోజు రాత్రే సిద్ధం చేసి, మధ్యాహ్నం లోపు మంచం ఖాళీ చేయించగలిగితే కొత్త మంచం ఒక్కటి కొనకుండానే కొన్ని మంచాలు పుట్టుకొస్తాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీబ్రూక్ ఆసుపత్రిలో పీటర్ విసెల్లియో ఇంకో అడుగు ముందుకేశారు. క్యాజువాలిటీలో ఇరుక్కున్న రోగులను తలా ఒకరిద్దరి చొప్పున వార్డుల వరండాలకు పంచారు. వరండాలో మంచం పడితే ఆ వార్డు సిబ్బంది లోపల మంచం త్వరగా ఖాళీ చేయిస్తారు. రోగులు కూడా క్యాజువాలిటీ వరండా కంటే వార్డు వరండానే మేలన్నారు. మన పెద్దాసుపత్రుల్లో వరండా మంచాలు కొత్త కాదు. లేనిదల్లా అవి ఎవరి వార్డువో తేల్చే లెక్క.

తలుపు రెండు వైపులా తెరుచుకోవాలన్నది తక్కువగా మాట్లాడే విషయం. కర్నూలులో ఆపరేషన్ అయి కుదుటపడ్డ ఆదోని రోగికి మిగిలింది కట్టు మార్చడం, పూటపూటా ఇంజెక్షన్లు. అవి ఆదోనిలోనే అవుతాయి. అలా వెనక్కి పంపితే పెద్దాసుపత్రిలో మంచం ఖాళీ అవుతుంది, రోగి వెంట ఉన్న కుటుంబానికి కర్నూలు తిండి ఖర్చు తప్పుతుంది.

గడియారం, రిజిస్టరు

బ్రిటన్ ఈ సమస్యను గడియారంతో పట్టుకోవాలని చూసింది. క్యాజువాలిటీకి వచ్చిన రోగులను నాలుగు గంటల్లోపు ఇంటికో వార్డుకో పంపేయాలని లక్ష్యం పెట్టి, 2004 నాటికి నూటికి 98 మంది విషయంలో అది జరగాలంది. ఎదురుచూపులు నిజంగానే తగ్గాయి. దాంతోపాటు, నాలుగో గంట ముగిసే ముందు హడావుడిగా రోగుల్ని కదిలించడమూ మొదలైంది. మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిలో వైద్యం ఎంత దిగజారిందో విచారించిన ఫ్రాన్సిస్ కమిటీ 2013 నివేదికలో, రోగి కంటే లక్ష్యాలకు విలువిచ్చిన పనితీరును తప్పుపట్టింది. లక్ష్యాన్ని 2010లోనే 95 శాతానికి తగ్గించారు, తర్వాతి ఏళ్లలో అదీ అందని స్థితి వచ్చింది. అక్కడా అడ్డుపడింది వార్డు మంచాలే.

ఆదోని, ఎమ్మిగనూరు లాంటి చోట్ల లక్ష్యం కంటే ముందు కొలత కావాలి. క్యాజువాలిటీ రిజిస్టరులో పేరు, వయసు, ఊరు, జబ్బు, వచ్చిన సమయం రాస్తారు. దాని పక్కన ఇంకో మూడు గడులు గీస్తే సరిపోతుంది: డాక్టరు చూసిన సమయం, ఏం చేయాలో నిర్ణయించిన సమయం, రోగి గది దాటిన సమయం. వచ్చిన సమయానికీ డాక్టరు చూసిన సమయానికీ మధ్య ఎడం ఎక్కువుంటే డాక్టర్లు చాలడం లేదు, లేదా వేరుచేత సరిగా లేదు. డాక్టరు చూశాక నిర్ణయం దాకా పట్టిన ఎడంలో ల్యాబు, స్కానింగ్, పై డాక్టరు కోసం చూసే చూపు బయటపడుతుంది. చివరి ఎడం వార్డుదీ, అంబులెన్సుదీ, కర్నూలుదీ. సగటు ఒక్కటే చూస్తే మోసపోతారు. పదిమందిలో ఆలస్యమైన ఆ ఒక్కరికి ఎంత పట్టిందో కూడా చూడాలి. రాత్రి ఎనిమిదికి డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సు ఎక్కే నర్సుకు ఈ గడులు చూపించి, నిర్ణయం అయ్యి కూడా కదలని రోగులెవరో పేరుపేరునా అప్పజెబితే, తెల్లారేదాకా ఎవరికీ పట్టకుండా ఉండిపోయే రోగులు తగ్గుతారు.

దారి పొడవును తగ్గించే మార్పు ఒకటి మాత్రం రిజిస్టర్ల వల్ల కాదు. ఆదోనికి మంజూరైన ప్రభుత్వ వైద్య కళాశాలకు 2021లో శంకుస్థాపన జరిగింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని మదనపల్లె, మార్కాపురం, పులివెందుల కళాశాలలతో పాటు ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో చేపట్టాలని నిర్ణయించింది. అది సరైన దారేనా అన్న వాదం రాజకీయంగా వేడిగా సాగింది. ఏ పద్ధతిలో నడిచినా, బోధనాసుపత్రిగా మారే ఆదోనిలో రాత్రీపగలూ మత్తు డాక్టరు, ఐసీయూ, రక్తనిధి, స్కానింగ్ ఉండాలి. అవి వచ్చిన నాడు కౌతాళం, కోసిగి, ఎమ్మిగనూరు నుంచి కర్నూలుకు పోయే చీటీల్లో చాలావాటి మీద ఊరి పేరు ఆదోని అని ఉంటుంది.